2 జీబీ ర్యామ్ మెషీన్లకు లైనక్స్ ఇమేజ్: డిఫాల్ట్‌గా ఏ సాఫ్ట్‌వేర్ పెట్టాలి?

పాతపెట్టె:

అందరికీ నమస్కారమండీ. ఎనిమిది పాత డెస్క్‌టాప్‌లు నా చేతికొచ్చాయి. అన్నిట్లోనూ డ్యూయల్ కోర్ ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్. ఒక పఠన మందిరంలో పెట్టడానికి సిద్ధం చేయమన్నారు. వాటి ముందు కూర్చునేవాళ్లలో చాలామంది లైనక్స్ పేరు కూడా విని ఉండరు. వార్తలు చదవాలి, ఆన్‌లైన్‌లో దరఖాస్తులు నింపాలి, పీడీఎఫ్‌లు చూడాలి, తెలుగులో ఉత్తరం టైప్ చేసుకుని ప్రింట్ తీసుకోవాలి, అప్పుడప్పుడు ఏదో పాఠం వీడియో చూడాలి. వాళ్ల అవసరాలు అంతే.

డెబియన్ 13 అనే లైనక్స్ మీద ఒక ఇమేజ్ (సిస్టమ్, ప్రోగ్రాములు అన్నీ కలిపిన ఒకే ప్రతి) తయారుచేసి అన్నిటికీ అదే ఎక్కిద్దామని ప్లాను. ఒక్కో పనికి దొరికినవాటిలో అతి తేలికైనది ఏరుకుంటూ వస్తే నా జాబితా ఇలా తేలింది: డెస్క్‌టాప్ ఎల్‌ఎక్స్‌క్యూటీ, ఫైళ్లకు థునార్, బ్రౌజర్ ఫాల్కన్, రాతకు అబివర్డ్, లెక్కలకు న్యూమెరిక్, పీడీఎఫ్‌లకు ఎమ్‌యూపీడీఎఫ్, వీడియోలకు ఎంపీవీ, టెర్మినల్ ఎక్స్‌టర్మ్. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'రెకమెండ్స్' (ఒక ప్యాకేజీతో పాటు వేసుకోమని డెబియన్ సూచించే అదనపు ప్యాకేజీలు) అన్నీ ఆపేద్దామనుకుంటున్నా.

ఇమేజ్ ఒకసారి ఎక్కించాక మళ్లీ మళ్లీ వెళ్లి మార్చడం కుదరదు. అందుకే ముందే అడుగుతున్నా. ఎక్కడ తప్పుతున్నానో చెప్పండి.

తెరచాప:

ఎంపీవీ ఒక్కటి మార్చండి. నాకు ప్రాణం అది, రోజూ వాడతాను. కానీ దానికి మెనూ బార్ ఉండదు. ఏ మీట ఏం చేస్తుందో తెలిసినవాళ్లకే అది సుఖం. సబ్‌టైటిల్ ఎక్కడ మార్చాలో తెలియక కొత్తవాళ్లు తికమకపడతారు.

టెర్మినల్ తాతయ్య:

పాతపెట్టె గారూ, మీ జాబితాలో విడివిడిగా చూస్తే అన్నీ తేలికైనవే. కలిపి చూస్తే తేలిక కాదు. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను.

ప్రతి కిటికీ వెనక ఒక టూల్‌కిట్ ఉంటుంది: బటన్లు, మెనూలు, అక్షరాలు గీసే లైబ్రరీల మూట. ఒక టూల్‌కిట్ మీద నడిచే మొదటి ప్రోగ్రామ్ తెరిచినప్పుడు ఆ మూటంతా డిస్క్ మీంచి ర్యామ్‌లోకి ఎక్కుతుంది. అదే టూల్‌కిట్ వాడే రెండో ప్రోగ్రామ్ తెరిస్తే ఆ మూటనే ఇద్దరూ పంచుకుంటారు. వేరే టూల్‌కిట్‌ది తెరిస్తే ఇంకో మూట ఎక్కాలి. తిరిగే డిస్క్ మీద ఈ ఎక్కడం కళ్లకు కనబడేంత నెమ్మది.

ఇప్పుడు మీ జాబితా చూడండి. క్యూటీ, జీటీకే అనేవి రెండు టూల్‌కిట్లు. ఎల్‌ఎక్స్‌క్యూటీ 2024లో వచ్చిన 2.0తో క్యూటీ 6కి మారింది. థునార్ జీటీకే 3. అబివర్డ్, న్యూమెరిక్ జీటీకే 3. ఎమ్‌యూపీడీఎఫ్‌కు సొంత గీత. ఎక్స్‌టర్మ్‌ది ఇంకా పాతకాలపు దారి. నాలుగు రకాల ఇళ్లు కట్టి నాలుగింటికీ విడివిడిగా పునాదులు తవ్వినట్టుంది.

కొలిచేటప్పుడు కూడా జాగ్రత్త. మామూలుగా టాప్ కమాండ్‌లో కనబడే ఆర్‌ఎస్‌ఎస్ అంకె పంచుకున్న లైబ్రరీలను ప్రతి ప్రోగ్రామ్ ఖాతాలోనూ పూర్తిగా వేస్తుంది. పీఎస్‌ఎస్ అనేది వాటాలేసి లెక్కడుతుంది. ఎస్‌మెమ్ అనే చిన్న టూల్ వేసి పీఎస్‌ఎస్ చూడండి. అప్పుడు ఏది ఎంత తింటోందో నిజం తెలుస్తుంది. ఫ్రీ కమాండ్ ఇచ్చినప్పుడు కూడా 'యూజ్డ్' చూసి కంగారు పడొద్దు, 'అవైలబుల్' చూడండి. ఖాళీగా ఉన్న ర్యామ్‌ని కెర్నెల్ (లైనక్స్ లోపలి ముఖ్య భాగం) ఫైళ్ల క్యాష్‌కు వాడుకుంటుంది, అవసరమొస్తే వదిలేస్తుంది.

కొత్తగా లైనక్స్:

తాతయ్య గారూ, అయితే ఏ టూల్‌కిట్ ఎంచుకోవాలి? ఎల్‌ఎక్స్‌క్యూటీ అన్నిటికన్నా తేలిక అని ఎక్కడ చూసినా రాస్తారు కదా.

టెర్మినల్ తాతయ్య:

ఖాళీగా ఉన్నప్పుడు తేలికే, కాదనను. కానీ డెస్క్‌టాప్‌ని ఖాళీగా చూస్తూ ఎవరూ కూర్చోరు కదా. ముందు బ్రౌజర్ తేల్చుకోండి, టూల్‌కిట్ దాన్ని బట్టి అదే తేలుతుంది.

చిన్నకెర్నెల్:

బ్రౌజర్ సంగతి నేను చెబుతాను, దీని మీద చాలా రాత్రులు గడిపాను.

ఫాల్కన్ కిటికీ చిన్నదే, నిజం. కానీ లోపల పేజీలు గీసేది క్యూటీ వెబ్‌ఇంజిన్, అంటే క్రోమియం ఇంజినే. ర్యామ్ తినేది బ్రౌజర్ చట్రం కాదు, తెరిచిన పేజీలు. ఒక వార్తల సైటు తెరిచి దాని ప్రకటనలు, వీడియోలు, ట్రాకర్లు అన్నీ లోడ్ అయ్యాక చూస్తే ఏ బ్రౌజర్‌లోనైనా వందల ఎంబీలే. నాలుగైదు ట్యాబులు పెడితే 1 జీబీ దాటుతుంది. డెస్క్‌టాప్ మార్చి మీరు మిగిల్చుకున్న యాభై ఎంబీని అక్కడ ఒక్క ప్రకటన మింగేస్తుంది.

ఇంకో పెద్ద సంగతి. డెబియన్‌లో క్యూటీ వెబ్‌ఇంజిన్‌కు సెక్యూరిటీ అప్‌డేట్ల హామీ లేదు. మామూలు బ్రౌజింగ్‌కి ఫైర్‌ఫాక్స్ గానీ క్రోమియం గానీ వాడమని డెబియన్ తన రిలీజ్ నోట్స్‌లోనే చెబుతుంది. దరఖాస్తుల్లో పేరు, పుట్టిన తేదీ, పాస్‌వర్డ్ కొట్టే మెషీన్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ రాని ఇంజిన్ డిఫాల్ట్‌గా పెట్టడం తప్పు. ఇందులో రాజీ వద్దు.

డిల్లో, నెట్‌సర్ఫ్ లాంటివి ఎవరో ఒకరు సూచిస్తారు కాబట్టి ముందే చెప్పేస్తా. డిల్లో 2024లో చాలా ఏళ్ల తర్వాత 3.1 వెర్షన్‌తో మళ్లీ లేచింది, నాకు చాలా సంతోషం. డాక్యుమెంటేషన్ చదువుకోవడానికి మెరుపులా ఉంటుంది. కానీ దానికి జావాస్క్రిప్ట్ లేదు. దరఖాస్తు ఫారం తెరుచుకోదు.

కాబట్టి ఫైర్‌ఫాక్స్ ఈఎస్‌ఆర్, అంటే ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే వెర్షన్. దానితో పాటు ఈ మూడు పనులు చేయండి. ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ డెబియన్ రిపోల్లోనే ఉంది, ఇమేజ్‌లోనే పెట్టేయండి. పాత మెషీన్‌కు ఇంతకు మించిన ర్యామ్ అప్‌గ్రేడ్ నేను చూడలేదు. రెండోది, ఈఎస్‌ఆర్ 140లో ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేస్తే 'అన్‌లోడ్ ట్యాబ్' అని వస్తుంది. ట్యాబ్ పోదు, అది పట్టుకున్న ర్యామ్ మాత్రం వదులుతుంది. మందిరంలో ఉండే మనిషికి ఇది ఒక్కటి నేర్పండి. మూడోది వీడియో గురించి. యూట్యూబ్ ఇప్పుడు వీపీ9, ఏవీ1 అనే రకాల వీడియో పంపుతుంది. ఆ వయసు గ్రాఫిక్స్ చిప్‌లకు హార్డ్‌వేర్‌లో విప్పడం వచ్చింది హెచ్.264 మాత్రమే. మిగతావి ప్రాసెసర్ మీద పడి వీడియో తడబడుతుంది. హెచ్264ఇఫై అనే ఎక్స్‌టెన్షన్ వేస్తే హెచ్.264 మాత్రమే అడుగుతుంది. పాత ఇంటెల్ చిప్ అయితే వీఏ-ఏపీఐ (వీడియో విప్పే పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించే దారి) కోసం ఐ965 డ్రైవర్ ప్యాకేజీ కూడా ఉందో లేదో చూసుకోండి.

టెర్మినల్ తాతయ్య:

ఇక్కడే టూల్‌కిట్ తేలిపోయింది. లైనక్స్‌లో ఫైర్‌ఫాక్స్ జీటీకే 3 మీద నడుస్తుంది. అది ఎలాగూ పొద్దున్నుంచీ తెరిచే ఉంటుంది, కాబట్టి జీటీకే 3 ఎలాగూ ర్యామ్‌లోనే ఉంటుంది. లిబ్రేఆఫీస్‌కు జీటీకే 3 ప్లగిన్ ఉంది. ప్యాకేజీలకు సినాప్టిక్ కూడా జీటీకే 3. ఇక డెస్క్‌టాప్ కూడా జీటీకే 3 అయితే ఒకే పునాది మీద ఇల్లంతా లేస్తుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్ 2019లో 4.14తో పూర్తిగా జీటీకే 3కి వచ్చింది. డెబియన్ 13లో 4.20 ఉంది. ఫైళ్లకు థునార్, రాతకు మౌస్‌ప్యాడ్, ఫొటోలకు రిస్ట్రెటో దానితోనే వస్తాయి. పీడీఎఫ్‌లకు మేట్ అనే ఇంకో డెస్క్‌టాప్ వాళ్ల అట్రిల్, జిప్‌లకు ఎన్‌గ్రాంపా తెచ్చుకోండి, అవీ జీటీకే 3.

జీటీకే 4వి మాత్రం కలపొద్దు. అది కిటికీ గీయడానికి జీపీయూ మీద బాగా ఆధారపడుతుంది, ఆ పాత గ్రాఫిక్స్ మీద బరువవుతుంది. పైగా ఇంకో మూట.

ఎల్‌ఎక్స్‌క్యూటీయే కావాలంటే అదీ చెయ్యొచ్చు. అప్పుడు పీసీమ్యాన్‌ఎఫ్‌ఎమ్-క్యూటీ, ఫెదర్‌ప్యాడ్, ఎల్‌ఎక్స్‌ఇమేజ్ అంటూ అన్నీ ఆ వైపువే తీసుకోండి. సగం ఇటు, సగం అటు మాత్రం వద్దు.

అక్షరాలమూట:

తాతయ్య గారు ర్యామ్ కోసం చెప్పిన మాటే నేను తెలుగు టైపింగ్ కోసం చెప్పాలనుకుంటున్నా. ఇది చాలామంది చివరి రోజున కనిపెట్టి తల పట్టుకునే విషయం.

ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు అక్షరాలకు నేరుగా మీటలున్న కీబోర్డు పద్ధతి) వచ్చినవాళ్లకు బాధ లేదు. సిస్టమ్ కీబోర్డ్ లేఅవుట్లు ఉండే ఎక్స్‌కేబీలోనే తెలుగు లేఅవుట్ ఉంది, సరళ అని ఇంకోటీ ఉంది. వెనకాల ఏ ప్రోగ్రామూ నడవక్కర్లేదు. ఎక్స్‌ఎఫ్‌సీఈ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో కలిపేస్తే అన్ని ప్రోగ్రాముల్లోనూ పనిచేస్తుంది, ర్యామ్ ఖర్చు సున్నా అనుకోండి.

కానీ వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇంగ్లీషు అక్షరాలతో 'నమస్కారం' అని కొట్టే అలవాటున్నవాళ్లే. దానికి ఆర్‌టీఎస్ అనే పద్ధతి కావాలి, అది ఎమ్17ఎన్ అనే లైబ్రరీ ద్వారా వస్తుంది, దానికి ఐబస్ గానీ ఎఫ్‌సిటిఎక్స్ 5 గానీ, ఏదో ఒక టైపింగ్ ప్రోగ్రామ్ వెనకాల నడవాలి. అసలు చిక్కు ఇక్కడే. ఎఫ్‌సిటిఎక్స్ 5లో జీటీకే 3కి ఒక ప్యాకేజీ, జీటీకే 4కి ఒకటి, క్యూటీ 5కి ఒకటి, క్యూటీ 6కి ఒకటి, అన్నీ విడివిడి. ఒకటి మర్చిపోయినా ఆ టూల్‌కిట్ ప్రోగ్రాముల్లో తెలుగు రాకుండా పోవచ్చు. మిగతా అన్నిట్లో వస్తుంది, ఆ ఒక్కదాంట్లో ఇంగ్లీషే పడుతుంది. వాడే మనిషికి టూల్‌కిట్ సంగతి తెలియదు కదా, 'కీబోర్డు పాడైంది' అంటారు.

నాకు జరిగింది చెబుతా. ఒకరికి నేనే సిస్టమ్ సెట్ చేసి ఇచ్చాను. టెక్స్ట్ ఎడిటర్‌లో తెలుగు చక్కగా వస్తోంది, చూసి వచ్చేశా. వారం తర్వాత ఫోన్ చేశారు, ఫైలుకి తెలుగు పేరు పెట్టబోతే రావట్లేదని. ఎడిటర్ ఒక టూల్‌కిట్, ఫైల్ మేనేజర్ ఇంకో టూల్‌కిట్. దానికి ప్యాకేజీ వేయలేదు నేను. ఆయన వారం పాటు ఎడిటర్‌లో పేరు టైప్ చేసి, కాపీ చేసి, ఫైల్ పేరులో పేస్ట్ చేసుకున్నారట. అది విన్నాక చాలా బాధేసింది.

జీటీకే 3 ఒక్కటే అయితే ఐబస్, ఐబస్-ఎమ్17ఎన్, ఐబస్-జీటీకే 3, మూడు ప్యాకేజీలతో పని అయిపోతుంది. ఫాంట్లకు 'ఫాంట్స్-తెలు' అనే మెటా ప్యాకేజీ, పాత డాక్యుమెంట్లు వస్తాయనుకుంటే పోతన, వేమన ఫాంట్లున్న 'ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా' కూడా వేయండి. ఎక్స్‌టర్మ్ తీసేయండి, అందులో ఒత్తులు అక్షరం కిందికి చేరవు, పక్కన పడతాయి.

పాతపెట్టె:

అక్షరాలమూట గారూ, ఇది నా ఆలోచనలోనే లేదు. మీరు చెప్పకపోతే నేనూ అదే తప్పు చేసేవాణ్ని. థాంక్స్ అండీ. ఎక్స్‌ఎఫ్‌సీఈకే వస్తున్నాను.

ఇక ఆఫీస్ సంగతి. అబివర్డ్, న్యూమెరిక్ రెండూ జీటీకే 3యే కదా, అవి ఉంచుకోవచ్చా? లిబ్రేఆఫీస్ తెరుచుకోవడానికి ఆ డిస్క్ మీద చాలాసేపు పడుతోంది.

చిన్నకెర్నెల్:

ఉంచుకోండి. ఉత్తరం రాయడానికి అబివర్డ్ చాలు. లెక్కల కచ్చితత్వంలో న్యూమెరిక్‌కు మంచి పేరుంది. ఇరవై వరసల పట్టిక కోసం అంత పెద్ద సూట్ దేనికి?

తెరచాప:

ఇందులో నేను ఒప్పుకోను చిన్నకెర్నెల్ గారూ. ఉత్తరం కొత్తగా రాసుకోవడం ఒక పని. బయటినుంచి వచ్చిన ఫైలు తెరిచి నింపడం ఇంకో పని. పఠన మందిరానికి పెన్‌డ్రైవ్‌లో వచ్చేవి ఎక్కువగా డాక్స్ ఫైళ్లే, వాటి నిండా పట్టికలు, ఫొటో పెట్టే గడులు, సంతకానికి గీతలు ఉంటాయి. అబివర్డ్ డాక్స్ తెరుస్తుంది గానీ అలాంటి కూర్పు చెదిరిపోతుంది. ఆ మనిషికి ఆ రోజు ఆ ఫారం సరిగ్గా ప్రింట్ అవడమే ముఖ్యం. నలభై సెకన్లు ఆగితే ఆగుతారు, ఫారం చెదిరితే ఏం చేస్తారు?

చిన్నకెర్నెల్:

ఆ వాదన బలమైనదే. కానీ 2 జీబీలో ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ రెండూ ఒకేసారి తెరిచి పెడితే మెషీన్ స్వాప్‌లో (ర్యామ్ చాలక డిస్క్‌ని వాడుకోవడం) పడి గిలగిల్లాడుతుంది. అది కూడా చూశాను నేను. మౌస్ కదలదు, జనం పవర్ బటన్ నొక్కేస్తారు, రాసింది పోతుంది.

టెర్మినల్ తాతయ్య:

ఇద్దరి భయమూ న్యాయమే. రెండిటికీ మందు ఉంది.

లిబ్రేఆఫీస్ మొత్తం వేయక్కర్లేదు. డెబియన్‌లో రైటర్ వేరు, క్యాల్క్ వేరు. ఆ రెండూ, జీటీకే 3 ప్లగినూ వేయండి. బేస్ వద్దు, దాని వెంట జావా వస్తుంది.

స్వాప్ భయానికి జెడ్‌ర్యామ్. ర్యామ్‌లోనే కొంత చోటు తీసుకుని, వాడని పేజీలను నొక్కి చిన్నవి చేసి అక్కడే దాస్తుంది. డిస్క్ దాకా పోదు. మామూలు వాడకంలో రెండింతలకు పైగా కుదించుకోగలుగుతుంది. ఆ పాత ప్రాసెసర్లకు ఎల్‌జెడ్4 పద్ధతి పెట్టండి, జెడ్‌స్టాండర్డ్ ఇంకా గట్టిగా నొక్కుతుంది గానీ ప్రాసెసర్‌కు పని ఎక్కువ. పరిమాణం ర్యామ్‌లో సగం. స్వాపీనెస్ (స్వాప్ వైపు ఎంత మొగ్గాలో చెప్పే అంకె) మామూలుగా 60 ఉంటుంది, జెడ్‌ర్యామ్‌తో 100 పైన పెట్టినా మంచిదే, 5.8 కెర్నెల్ నుంచి 200 దాకా ఒప్పుకుంటుంది. దీనికి తోడు ఎర్లీఊమ్ వేసి ఉంచండి. ర్యామ్ పూర్తిగా అయిపోకముందే అది ఎక్కువ తింటున్న ప్రాసెస్‌ని ఆపుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో ఒక ట్యాబ్ క్రాష్ అయినట్టు కనబడుతుంది, అంతే. మెషీన్ బిగుసుకుపోవడం కన్నా అది వెయ్యిరెట్లు నయం. లిబ్రేఆఫీస్‌లో ఆటో రికవరీని రెండు నిమిషాలకు దించండి.

కొత్తగా లైనక్స్:

మధ్యలో అడుగుతున్నా, క్షమించండి. నా దగ్గర ఉన్న పాత నెట్‌బుక్‌లో 32 బిట్ విండోస్ ఉండేది. డెబియన్ 13 దానికి ఎక్కదంటున్నారు, నిజమేనా?

టెర్మినల్ తాతయ్య:

డెబియన్ 13తో 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలరూ కెర్నెలూ ఆపేశారు, నిజం. ఫైర్‌ఫాక్స్ కూడా 32 బిట్ లైనక్స్‌కు 144తో ఆపేసింది. కానీ 32 బిట్ విండోస్ ఉన్నంత మాత్రాన ప్రాసెసర్ 32 బిట్ అనుకోకండి. 64 బిట్ చిప్‌ల మీద 32 బిట్ విండోస్ వేసి ఇచ్చిన మెషీన్లు బోలెడు. ఏదైనా లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి ఎల్‌ఎస్‌సీపీయూ కమాండ్ ఇవ్వండి. పై వరసల్లో '64 బిట్' కనబడితే ఢోకా లేదు. కనబడకపోతే 32 బిట్ వెర్షన్ ఇచ్చే యాంటీఎక్స్ 23 లాంటిది చూడండి. దానికి వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ మాట్లాడుకుందాం.

పాతపెట్టె:

రెండు రోజులు కూర్చుని ఇమేజ్ తయారుచేశాను. మీ మాట ప్రకారం ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఫైర్‌ఫాక్స్ ఈఎస్‌ఆర్, రైటర్, క్యాల్క్, అట్రిల్, ఎన్‌గ్రాంపా, ఐబస్. జెడ్‌ర్యామ్ వేశాక తేడా స్పష్టంగా కనబడుతోంది. ఫైర్‌ఫాక్స్‌లో అయిదు ట్యాబులు ఉంచి రైటర్ తెరిచాను, బిగుసుకోలేదు.

రెండు సమస్యలు తగిలాయి. ఒకటి, ఫోన్ కేబుల్‌తో పెడితే థునార్‌లో ఏమీ కనబడట్లేదు. రెండోది వింతగా ఉంది. ఫొటోలు సరిచేయడానికి ఒక పెద్ద ఇమేజ్ ఎడిటర్ కూడా వేసి చూశాను. ఆ తర్వాత పీడీఎఫ్ మీద డబుల్ క్లిక్ చేస్తే అట్రిల్ బదులు అదే తెరుచుకుంటోంది, 'పేజీలు ఇంపోర్ట్ చేయాలా' అని అడుగుతోంది. నేను ఏ సెట్టింగూ ముట్టుకోలేదు.

తెరచాప:

మొదటిది రెకమెండ్స్ ఆపడం వల్ల. జీవీఎఫ్‌ఎస్-బ్యాకెండ్స్ ప్యాకేజీ వేయండి, ఫోన్ వస్తుంది. నెట్‌వర్క్ ఫోల్డర్లకు కూడా అదే కావాలి. అలాగే పోల్‌కిట్ ఏజెంట్ ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే పాస్‌వర్డ్ అడగాల్సిన చోట అడగకుండానే పని ఆగిపోతుంది, ఎందుకాగిందో కూడా చెప్పదు. జిప్‌లు విప్పడానికి అన్‌జిప్, 7జిప్ వేశారా? ఎన్‌గ్రాంపా ముఖం మాత్రమే, లోపల పని చేసేవి అవి.

రెకమెండ్స్ ఆపితే డిస్క్ మీద చోటు మిగులుతుంది, ర్యామ్ కాదు. వాటిలో చాలావరకు అడిగేదాకా నడవవు. మీకు కరువు ర్యామ్‌కి, చోటుకి కాదు కదా. నా మాట విని డెస్క్‌టాప్ వరకైనా రెకమెండ్స్ ఉంచండి. వెనకాలే నడుస్తూ ఉండేవి ఏవో చూసి వాటిని మాత్రం ఆపండి.

చిన్నకెర్నెల్:

రెండోది నేను చెబుతా. అసలు 'డిఫాల్ట్' అనే మాట ఉండేది ఇక్కడే.

ప్రతి ప్రోగ్రామూ తన డెస్క్‌టాప్ ఫైలులో 'నేను ఫలానా రకం ఫైళ్లు తెరవగలను' అని రాసుకుంటుంది. జింప్ లాంటి ఇమేజ్ ఎడిటర్ పీడీఎఫ్ తెరవగలనంటుంది. లిబ్రేఆఫీస్ డ్రా కూడా అంటుంది. అట్రిల్ సరేసరి. 'పీడీఎఫ్ అంటే అట్రిలే' అని మీరు ఎక్కడా రాసి పెట్టకపోతే, ఆ ఒప్పుకున్నవాళ్లలోంచి ఎవరో ఒకరిని సిస్టమే పట్టుకుంటుంది. కొత్తగా ఇంకో ప్రోగ్రామ్ వేశారంటే ఆ ఎంపిక మారిపోవచ్చు. ఫోల్డర్ మీద క్లిక్ చేస్తే మ్యూజిక్ ప్లేయర్ తెరుచుకుందని గోల పెట్టేవాళ్ల బాధ కూడా ఇదే. ఫోల్డర్ కూడా ఒక మైమ్ రకమే (ఫైలు ఏ జాతిదో చెప్పే పేరు) మరి.

దీనికి మైమ్‌యాప్స్ అనే ఫైలు రాయాలి. యూజర్ల హోమ్‌లోకి వెళ్లేలా స్కెల్‌లో (కొత్త అకౌంట్లకు నమూనా ఫోల్డర్) పెట్టకండి. స్కెల్‌లోది అకౌంట్ సృష్టించిన రోజున ఒకసారి కాపీ అవుతుంది, తర్వాత మీరు మార్చినా వాళ్లకు అందదు. ఈటీసీ కింద ఎక్స్‌డీజీ ఫోల్డర్‌లో పెట్టండి. అది అందరికీ వర్తిస్తుంది, ఎవరైనా తమకు కావలసినట్టు మార్చుకుంటే వాళ్ల మాటే చెల్లుతుంది. అందులో ఇవైనా ఉండాలి: పీడీఎఫ్, ఫోల్డర్, హెచ్‌టీటీపీ లింకులు, మెయిల్ లింకులు, మామూలు టెక్స్ట్, జేపీజీ, పీఎన్‌జీ, వెబ్‌పీ, ఎంపీ4, ఎంపీ3, జిప్, డాక్స్, ఎక్సెల్. రాశాక ఒక్కో రకం ఫైలు డెస్క్‌టాప్ మీద పెట్టుకుని అన్నిటినీ డబుల్ క్లిక్ చేసి చూడండి. ఈ పరీక్ష చేయకుండా ఇమేజ్ ముగించకండి.

అక్షరాలమూట:

ఆ పరీక్షలో ఫోన్‌తో తీసిన ఫొటో ఒకటి తప్పకుండా పెట్టండి. కొన్ని ఫోన్లు హెచ్‌ఈఐసీ ఫార్మాట్‌లో దాస్తాయి. హెచ్‌ఈఐఎఫ్ పిక్స్‌బఫ్ ప్యాకేజీ లేకపోతే రిస్ట్రెటో తెరవదు. దరఖాస్తుకు ఫొటో ఎక్కించాల్సినప్పుడే ఇది బయటపడుతుంది.

పాతపెట్టె:

చేశాను. పద్నాలుగు రకాల ఫైళ్లు వరసగా పెట్టి క్లిక్ చేస్తూ పోతే మూడు తప్పు చోట తెరుచుకున్నాయి. వెబ్‌పీ బొమ్మ బ్రౌజర్‌లో, ఎంపీ3 వీడియో ప్లేయర్‌లో, మెయిల్ లింకు అసలు ఎక్కడా తెరుచుకోలేదు. అన్నీ సరిచేశాను.

ఇక వీడియో ప్లేయర్ ఒక్కటే మిగిలింది. ఎక్స్‌ఎఫ్‌సీఈ వాళ్ల పెరోల్ జీటీకే 3 కాబట్టి మన లెక్కకు సరిపోతుంది. కానీ నా దగ్గరున్న పాత పాఠాల వీడియోల్లో రెండు అందులో తెరుచుకోలేదు, కోడెక్ (ఆ వీడియోను విప్పే భాగం) లేదంది. వీఎల్‌సీలో అన్నీ తెరుచుకున్నాయి. వీఎల్‌సీ 3 మాత్రం క్యూటీ 5. ఒకే టూల్‌కిట్ అనుకున్నాం కదా, ఏం చేయమంటారు?

టెర్మినల్ తాతయ్య:

వీఎల్‌సీ పెట్టండి. నేను చెప్పింది రోజంతా తెరిచి ఉండేవాటి గురించి. వీడియో చూసేటప్పుడు మనిషి వీడియోనే చూస్తాడు. క్యూటీ మూట అప్పుడు ఎక్కుతుంది, మూసేస్తే ఆ ర్యామ్ వెనక్కి వస్తుంది. పైగా అందులో తెలుగు టైప్ చేసే అవసరం రాదు, కాబట్టి అక్షరాలమూట గారి భయమూ లేదు. పెరోల్ జీస్ట్రీమర్ మీద నడుస్తుంది, ఫార్మాట్‌కొక ప్లగిన్ వెతికి వేయాలి. వీఎల్‌సీ కోడెక్‌లు వెంట తెచ్చుకుంటుంది. తెలిసిన నారింజ రంగు గుర్తు కూడా ఉంటుంది, ఎవరూ భయపడరు.

చిన్నకెర్నెల్:

ఒప్పుకుంటున్నా. ఒక పనికి ఒకే ప్రోగ్రామ్ అన్నది మాత్రం వదలొద్దు. వీఎల్‌సీ పెడితే పెరోల్ తీసేయండి. మెనూలో రెండు వీడియో ప్లేయర్లుంటే ఏది నొక్కాలో తెలియక ఆగిపోతారు. ఆ పెద్ద ఇమేజ్ ఎడిటర్ కూడా తీసేయండి, కావలసినవాళ్లు అడుగుతారు.

తెరచాప:

ఎక్స్11 బదులు వచ్చిన కొత్త డిస్‌ప్లే పద్ధతి వేలాండ్ గురించి ఎవరూ ఎత్తలేదేం?

టెర్మినల్ తాతయ్య:

ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.20లో అది ఇంకా ప్రయోగదశలోనే ఉంది. ఈ మెషీన్లకు ఎక్స్11 చాలు.

పాతపెట్టె:

మొదటి మెషీన్ ఈ రోజు పెట్టి వచ్చాను. ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నారు. నేను పక్కన నిలబడి ఏమీ చెప్పకుండా చూశాను. ఫైర్‌ఫాక్స్ తెరిచారు, వార్తలు చదివారు. తర్వాత పెన్‌డ్రైవ్ పెట్టారు, తెరుచుకుంది. అందులో డాక్స్ ఫారం ఒకటి. డబుల్ క్లిక్ చేశారు, రైటర్ తెరుచుకోవడానికి ముప్ఫై సెకన్ల పైనే పట్టింది. ఆయన చేతులు కట్టుకుని ఆగారు. ఫారం ఉన్నదున్నట్టు వచ్చింది, గడులన్నీ వాటి చోట్లలోనే ఉన్నాయి. పేరు తెలుగులో కొట్టారు. సేవ్ చేసేటప్పుడు ఫైలు పేరు కూడా తెలుగులోనే కొట్టారు, వచ్చింది. అక్షరాలమూట గారూ, ఆ క్షణం మీరే గుర్తొచ్చారు.

ఒక్క చోట ఆగిపోయారు. పెన్‌డ్రైవ్ తీసేముందు ఎజెక్ట్ చేయాలని ఆయనకు తెలియదు, నేరుగా లాగేయబోయారు. నేనే ఆపి చూపించాను. థునార్‌లో ఎజెక్ట్ గుర్తు పక్క పట్టీలో చాలా చిన్నగా ఉంది. డెస్క్‌టాప్ మీద పెన్‌డ్రైవ్ ఐకాన్ కనబడేలా ఆన్ చేశాను గానీ దాని మీద కూడా రైట్ క్లిక్ చేయాలి. ఒక్క నొక్కుతో ఎజెక్ట్ అయ్యేలా ఎవరైనా చేసి ఉంటే చెప్పండి, మిగతా ఏడు మెషీన్లు ఎక్కించేలోపు కలుపుతాను.

తెరచాప:

ఎక్స్‌ఎఫ్‌సీఈ ప్యానెల్‌కు 'మౌంట్' అని ఒక ప్లగిన్ ఉంది. ప్యానెల్ మీద పెడితే పెట్టిన డ్రైవులన్నీ అక్కడే కనబడతాయి, నొక్కితే చాలు అన్‌మౌంట్ అవుతుంది. సెట్టింగ్స్‌లో లోపలి డిస్క్ పార్టిషన్లు కనబడకుండా మినహాయించండి, లేకపోతే అవి కూడా జాబితాలోకి వస్తాయి. అది అయ్యాక రాసింది డ్రైవ్‌లోకి పూర్తిగా చేరేదాకా ఆగమని కూడా వాళ్లకు చెప్పండి. నెమ్మది పెన్‌డ్రైవ్ అయితే కాపీ బార్ అయిపోయినట్టు కనబడ్డాక కూడా లోపల రాత సాగుతూనే ఉంటుంది.

పాతపెట్టె:

దొరికింది, పెట్టాను, పనిచేస్తోంది. మిగతా ఏడింటికీ ఇదే ఇమేజ్ రేపు ఎక్కిస్తున్నా.